కుట్టు మధ్యలో

కర్టెను గుడ్డను మిషను మీదికి తెచ్చేముందు ఆమె గుమ్మం బయటికి పట్టుకెళ్ళి దులిపింది. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, తర్వాత తిరగేసి మళ్ళీ. లోపలికి తెచ్చి పరిచాక, మడతల్లో చెయ్యి పెట్టకుండా చెక్క స్కేలుతో తడిమి చూసింది. అప్పుడు గానీ కూర్చోలేదు.

"మొదలెట్టావా దులపడం?" అంది ముందుగదిలోంచి అత్తగారు. "కొట్టు నుంచి నేరుగా వచ్చిన గుడ్డ. దుమ్మెక్కడిదే దానికి?"

దుమ్ము కోసం కాదని ఆవిడకూ తెలుసు. ‘దులుపుడమ్మ’ అని ఈ ఇంట్లో ఆమెకు పేరు పెట్టింది ఆడపడుచు. పేరు బాగా అతికింది. చెప్పులు దులపందే కాలు పెట్టదు, దిండు దులపందే తల ఆనించదు. "మా తమ్ముణ్ణి కూడా ఓసారి దులిపి గానీ గదిలోకి రానివ్వదేమో" అని ఆడపడుచు అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే మూతిముడుపులమ్మ అని ఇంకో పేరు వచ్చేది.

పోయినేడు తువ్వాలు మడతలో దాగిన కందిరీగ మెడ మీద కుట్టింది. ముందు అరచేతులు దురద పెట్టాయి. తర్వాత పెదాలు తనవి కానట్టు బరువెక్కాయి. ఆ తర్వాత గొంతులో ఎవరో పిడికిలి పెట్టి, తొందరేమీ లేనట్టు, కొంచెం కొంచెంగా బిగిస్తూ వచ్చారు. ఆస్పత్రి వీధి చివరే ఉండడం వల్ల బతికింది. ఆ సంగతి కూడా భర్త తన గొప్పలోనే కలుపుకున్నాడు. "ఈ ఇల్లు వద్దని గోల పెట్టావుగా అప్పట్లో. చూశావా?"

డాక్టరమ్మ లావుపాటి పెన్నులాంటి ఇంజెక్షన్ ఇచ్చి, తొడకు ఎక్కడ ఆనించి ఎలా నొక్కాలో నేర్పింది. "ఈసారి కుట్టి, ఒళ్ళు ఇలా మారడం మొదలైందా, ముందు ఇది. తర్వాత అంబులెన్సు. మిగతా లోకమంతా ఆ తర్వాత. మంచినీళ్ళు తాగి చూద్దాం, కాసేపు నడుం వాల్చి చూద్దాం అనుకోవద్దు. చూసేంత టైము ఉండదమ్మా." భర్త వైపు తిరిగి, "మీరూ నేర్చుకోవాలి" అంది.

"నాకు సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయండీ" అన్నాడు అతను. తనలోని ఏదో మంచి గుణం చెప్పుకుంటున్నట్టుగా నవ్వాడు కూడా.

లేవబోతుంటే డాక్టరమ్మ అడిగింది: "మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా?" లేదని చెప్పింది. చెప్పి మెట్లు దిగుతుంటే సగంలో కాళ్ళు ఆగిపోయాయి.

అమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. కుట్టు మధ్యలో లేవకూడదు అనేది అమ్మ నేర్పిన మొదటి పాఠం. లేస్తే చెయ్యి మారుతుంది, మళ్ళీ కూర్చున్నప్పుడు ఆ చోట వంకర తెలిసిపోతుంది. ఎవరు తలుపు తట్టినా, పొయ్యి మీద ఏం మాడుతున్నా, అంచు చివరిదాకా వెళ్ళి, ముడి వేసి, దారం తెంపాకే లేచేది. ఓ రోజు పక్కింటావిడ గుమ్మంలోకి వస్తే, "చేతి మీద ఏదో కుట్టింది వదినా, ఒళ్ళంతా మంటలుగా ఉంది. ఈ అంచు అయిపోనీ, వస్తా" అందట. ఆవిడ తిరిగి వచ్చేసరికి కుట్టిన గౌను మడత పెట్టి బల్ల మీద ఉంది. అమ్మ నేల మీద ఉంది. గుండె ఆగిపోయిందన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఆ గౌను చేతిలోకి తీసుకుని చూశారు. చివరి కుట్టు కూడా చెక్కు చెదరలేదని చెప్పుకున్నారు. పెళ్ళయ్యాక భర్త కూడా నలుగురిలో ఆ సంగతే చెప్పేవాడు. "మా అత్తగారు పోతూ పోతూ కూడా పని పూర్తి చేసి పోయిందండీ. ఇప్పటివాళ్ళెక్కడ?" ఇన్నేళ్ళూ అది వింటున్నప్పుడు ఆమెకు ఛాతీ కొంచెం పొంగేది. ఆ మెట్ల మీద నిలబడ్డ రోజు నుంచి మరి పొంగలేదు.

తను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో కత్తిరింపు ముక్కలు అతికి చిన్న గుడ్డసంచి కుట్టుకుంది. ఇంజెక్షన్ అందులో పెట్టి బట్టల లోపల నడుముకు కట్టుకుంటుంది. రోజూ ఇంటికెళ్ళేటప్పుడు గేటు దగ్గర తనిఖీ చేసే మనిషి చెయ్యి అక్కడికి రాగానే ఆగుతుంది. "ఏంటది? దారం బాబిన్లా?" వెనక వరసంతా ఆగి చూస్తుంటే ఆమె రోజూ సంచి విప్పి చూపిస్తుంది. లోపల వరసల నిండా మిషన్లు ఒక్కసారి మొదలైతే ఫ్యాక్టరీ అంతా పెద్ద తుట్టెలా హోరెత్తుతుంది. అందులో ఒక ఈగ రెక్కల చప్పుడు ఎలా వినపడుతుంది? అందుకని నాలుగు కుట్లకోసారి ఆమె పెడల్ మీంచి కాలు తీసి చెవులు రిక్కిస్తుంది. "కుట్టు మధ్యలో ఆపొద్దన్నానా?" అంటాడు సూపర్‌వైజర్. అచ్చంగా అమ్మ మాటే.

అక్కడ ఆ ఇంజెక్షన్ వాడడం నేర్చుకున్నది కాజాలక్క ఒక్కతే. చొక్కాలకు కాజాలు తీస్తుంది కాబట్టి ఆ పేరు. సూది లేని నమూనా పెన్నుతో అన్నం బల్ల దగ్గర తన తొడ మీదే పొడుచుకుని మరీ నేర్చుకుంది. "నీకేమన్నా అయిందనుకో, ముందు నిన్ను పొడుస్తా. మిగిలితే సూపర్‌వైజర్‌ని" అంది. ఆ రోజు ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంట్లో భర్తవీ అత్తగారివీ రెండు జతల చేతులున్నాయి. ఒక్క జతా నేర్చుకోలేదు.

ఈ మధ్య వంటింటి కిటికీ పైన, చూరు కింద కందిరీగలు గూడు పెట్టాయి. మొదట చూసినప్పుడు గుండీ అంత ఉంది. భర్తకు చూపిస్తే "ఆదివారం చూద్దాంలే" అన్నాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. గూడు గుప్పెడంతయింది. పురుగుల మందు కొట్టే మనిషిని ఆమే పిలిపిస్తే, అతన్ని భర్త గేటులోంచే పంపేశాడు. "ఇంతదానికి మనిషెందుకు? నేను లేనా?" ఆయన ఉన్నాడు. గూడూ ఉంది. ఆ కిటికీ పక్కనే, దానికి వీపు పెట్టి కూర్చునేలా, ఆమె మిషను. ముందుగదిలో పెడితే టీవీకి అడ్డమట. అందుకని కిటికీ మూసి, గడియ పెట్టి, సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది. అయినా అద్దం అవతల అవి పాకుతున్నప్పుడు వీపు మీద పాకినట్టే ఉంటుంది.

ఇవాళ కుడుతున్నవి ఆడపడుచు కొత్త ఇంటి కర్టెన్లు. ఉన్న ఒక్క సెలవు రోజు. "బయట ఇస్తే ఏం కుడతారో ఏమో. నీ చెయ్యి పడితే ఆ తీరే వేరు" అంటూ గుట్ట తెచ్చి పడేసి వెళ్ళింది. ఆ మాటే కూలి. సాయంత్రం వచ్చి పట్టుకెళుతుంది.

చివరి కర్టెను. అంచు సగం దాటింది. అలవాటుగా కాలు తీసి విన్నది.

సన్నగా, దగ్గరగా, వినబడింది.

తల తిప్పితే కిటికీ రెక్క బెత్తెడు తెరిచి ఉంది. పీలికలు గట్టు మీద కుప్పగా ఉన్నాయి.

"అత్తయ్యా, కిటికీ తీశారా?"

"తీశాను. ఇందాక నువ్వు బయట దులుపుకుంటున్నప్పుడే తీశాను. గాలాడక ప్రాణం పోతోంది. నీ ఒక్క ఈగ కోసం ఇంటెడు మందీ ఉడికిపోవాలా?"

లేచి మూసెయ్యాలి. ఆ మాట అనుకుంది కూడా. కానీ చేతికింద అంచు నున్నగా కుదిరింది, ఇంకో రెండు మూరలుంటే అయిపోతుంది. ఈ అంచు అయిపోనీ. కాలు మళ్ళీ పెడల్ మీదికి వెళ్ళింది.

మణికట్టు మీద నిప్పురవ్వ పడ్డట్టయింది.

చూసింది. కుట్టిన చోట తెల్లటి చుక్క, చుట్టూ ఎరుపు. చూస్తూనే ఉంది. మిషను చప్పుడు మాత్రం ఆగలేదు. ఎవరు కుడుతున్నారో ఆమెకు ఓ క్షణం అర్థం కాలేదు. కిందికి చూస్తే పెడల్ మీద తన కాలే ఆడుతోంది. నోటితో తనే గొణుగుతోంది: "ఈ అంచు అయిపోనీ, ఈ అంచు అయిపోనీ." గొంతు మాత్రం అమ్మది.

అరచేతులు దురద మొదలెట్టాయి.

అప్పుడు ఆమెకు పట్టిన భయం కందిరీగను చూసి కాదు. తన కాలును చూసి. అది ఆగుతుందో లేదో ఆమెకు నిజంగా తెలియలేదు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని పక్కకు లాగింది. సూది గుడ్డలో దిగినచోటే ఆగింది. నేల మీదికి జారి, గోడకు ఆనుకుని, సంచి ముడి లాగింది. వేళ్ళు వాచి మొద్దుబారుతున్నాయి. మూత తీసింది, బట్టల మీద నుంచే తొడకు ఆనించింది, నొక్కింది, డాక్టరమ్మ చెప్పినంతసేపూ అదిమి పట్టుకుంది. తర్వాత ఫోను తీసి అంబులెన్సుకు ఇంటి గుర్తులు చెప్పింది. చెబుతుండగానే మాట బొంగురుపోయింది.

భర్త గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటి, కుట్టిందా? కుట్టినట్టు అనిపించిందా?" నేల మీది ఇంజెక్షన్ చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యో, అప్పుడే పొడిచేసుకున్నావా? కాసేపు చూడాల్సింది."

ఆమె చెయ్యెత్తి కిటికీ చూపించింది. అతను వెళ్ళి మూశాడు. ఇంత తేలిక పని.

"ఎవరొచ్చినా నన్నే అంటారు ఇప్పుడు" అంటోంది వెనక అత్తగారు. "సాయంత్రం మీ అక్క వచ్చేస్తుంది కదరా కర్టెన్ల కోసం. ఆ ఒక్కటీ సగంలో ఉండిపోయింది."

ఇంజెక్షన్ పనిచేస్తుందో, ఆలస్యమైందో తెలియని ఆ కాస్సేపూ ఆమె మరేమీ వినలేదు. కందిరీగ కర్టెను మీదే ఉంది. తాపీగా, ఆమె కుట్టిన అంచు వెంబడే, ఒక్కో కుట్టూ దాటుకుంటూ సూది దాకా నడిచింది. అక్కడ ఆగింది. అవతల కుట్టు లేదు. గొంతులోని పిడికిలి ఓ వేలు వదిలింది. తర్వాత ఇంకో వేలు. వీధిలో అంబులెన్సు కూత వినబడింది.

తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు కాబట్టి రేపటిదాకా ఇక్కడే ఉండాలని ఆస్పత్రిలో చెప్పారు. "ఇప్పుడు బాగానే ఉన్నావుగా, ఇంటికెళ్ళి పడుకోవచ్చుగా" అన్నాడు భర్త. ఆమె కదలలేదు. అతని ఫోను మోగింది. అవతలి మాటలు విని, ఫోను అరచేత్తో మూసి, మొహమాటంగా అడిగాడు.

"అక్క వచ్చింది. ఆ చివరి కర్టెను మిషన్లోనే ఉండిపోయిందట. లాగితే కుట్టు ఊడుతుందా అంటోంది."

"ఊడుతుంది. లాగమనండి."

"అది కాదు. రేపు ఎలాగూ వస్తావుగా, పూర్తి చేస్తావని చెప్పనా?"

"రేపు ఇక్కణ్ణుంచి కాజాలక్క ఇంటికి వెళుతున్నాను. మిషను ముందుగదిలోకి మార్చి, గూడు తీయించి, మీరు ఈ ఇంజెక్షన్ నేర్చుకున్నాక ఫోన్ చెయ్యండి."

"ఇదేం చోద్యం? ఒక్క కర్టెనుకి..." అతను గొంతు తగ్గించాడు. "ఎంతసేపు పడుతుంది చెప్పు. ఆ సగం అంచు పూర్తి చేసి వెళ్ళొచ్చుగా."

ఆమె మణికట్టు మీది ఎర్రటి వాపును దుప్పటి కింద దాచుకోలేదు. అతనికి కనబడేలా పైనే పెట్టింది.

"మా అమ్మ పూర్తి చేసింది" అంది.