వంటింట్లోకొచ్చిన పీపా

హల్వోర్‌కు చేతులు వణకడం మొదలైన కొన్నాళ్లకు కాళ్లూ మొరాయించాయి. నేలమాళిగ మెట్ల మీద జారిపడ్డాక, భార్య రన్‌వేయ్ ఆ తలుపుకు తాళం వేసేసింది. వోస్ ఊళ్లో వాళ్లు ఇంట్లో కాచుకునే క్రిస్మస్ బీరు తాతల నాటి నుంచీ ఆ మాళిగ చల్లదనంలోనే ఉండేది. పైకి తెస్తే పండగ దాటకముందే పులిసిపోతుంది.

"ఈ ఏడు కాచను," అన్నాడతను.

ఆ వారంలోనే రన్‌వేయ్ ఎక్కడినుంచో ఒక పాత చిన్న ఫ్రిజ్ తెచ్చి వంటింట్లో పెట్టించింది.

"దీంట్లో బీరు పీపా పడుతుంది. పైన చిల్లు పెట్టి కొళాయి బిగిద్దాం."

"ఎక్కడపడితే అక్కడ పొడిస్తే ఫ్రిజ్ లోపలి గ్యాసు పైపు తెగి కూర్చుంటుంది. ఆనక అందులో గుడ్డలు పెట్టుకోవాలి."

"అయితే పైపులెక్కడున్నాయో నువ్వే చెప్పు!"

మొక్కజొన్న పిండిని సారాయిలో కలిపి ఫ్రిజ్ పైన పలచగా పూయించాడు. ఫ్రిజ్ నడుస్తుంటే, లోపలి వేడి పైపుల వెంబడి పిండి ముందుగా ఆరి తెల్లటి గీతలు తేలాయి. గీతలకు దూరంగా గుర్తు పెట్టించి, ప్లగ్గు తీయించి, డ్రిల్లు తనే అందుకున్నాడు.

మొన రేకు మీద జారి గీత వైపు పరుగెత్తింది. హల్వోర్ చప్పున ఆపేశాడు. తన పనిముట్లను ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, డ్రిల్లును ఆమె చేతిలో పెట్టాడు.

"నా వల్ల కాదే. నువ్వే కానివ్వు."

"నాకు భయమేస్తోందయ్యా."

"నాకు లేదనుకున్నావా? మెల్లగా. రేకు తెగగానే ఆపెయ్. లోపలి నురుగు చాకుతో తవ్వుదాం."

అతని చెయ్యి ఆమె భుజం మీద వణుకుతూనే ఉంది. తియ్యమని ఆమె అనలేదు. రేకు తెగింది. బుస్సుమన్న చప్పుడేదీ రాలేదు. ప్లగ్గు పెడితే మోటారు గుర్రుమంది. హల్వోర్ ఆ సాయంత్రమే బీరుకని బార్లీ మాల్టు నానబోయించాడు.

పండగనాడు రన్‌వేయ్ తమ్ముడు బ్రిన్యుల్ఫ్ వచ్చాడు. హల్వోర్ కొళాయి కింద కప్పు పెట్టి నింపి, తనే పట్టుకొచ్చాడు. సాయంగా అందుకోబోయిన తమ్ముణ్ణి రన్‌వేయ్ కళ్లతోనే ఆపింది.

"సగమే తెచ్చావేం బావా?"

"మిగతాది నేల తాగిందిరా. దానికి మాత్రం పండగ కాదూ?"

బ్రిన్యుల్ఫ్ పగలబడి నవ్వి, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకున్నాడు. "జునిపర్ కొమ్మల ఘాటు బీరులోకి బాగా దిగింది బావా. ఇంకోటి పట్రా."

హల్వోర్ అప్పటికే లేచాడు.