మూత మీద పేరు

భోజనాల బల్ల మీద ఎండిపోయిన కూర మరకని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిస్తే గానీ ఆమె లాప్‌టాప్ తెరవడానికి ఉండదు. ఆమె ఆఫీసు అదే మరి. ఆ ఇంట్లో భర్త బైకుకి చోటుంది, అత్తగారి కుట్టుమిషనుకో మూల ఉంది, ఆమెకి మాత్రం కంచాలు తీశాక మిగిలిన బల్ల. అదైనా మళ్లీ కంచాలు పెట్టేదాకానే. "అమ్మాయ్, నీ బొమ్మలు తీస్తే మేం నాలుగు మెతుకులు తింటాం" అంటుంది అత్తగారు, ఆ మెతుకులు వాటంతట అవే ఉడికినట్టు.

పెట్టెల్లో పెట్టి అమ్ముతారే, బల్ల మీద పరుచుకుని ఆడే ఆటలు, వాటికి బొమ్మలు గీయడం ఆమె పని. బోర్డు, కార్డులు, బిళ్లలు, పెట్టె మూత, అన్నీ ఆమె చేతిలోంచి రావాల్సిందే. "మా ఆవిడకేంట్రా, ఇంట్లో కూర్చుని ఆడుకున్నందుకు జీతం!" అని భర్త జోకు వేస్తే స్నేహితులు పగలబడి నవ్వారు. వాళ్లకి టీ అందిస్తూ ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే జోకు కూడా అర్థం కాదంటారు కదా.

ఈసారి ఆట వరదొచ్చిన ఊరిది. నీళ్లు పెరిగేలోగా ఎవరి ఇళ్లు వాళ్లు కాపాడుకోవాలి. ఆడి చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకాయనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించి, పక్కవాడి ఇళ్లు కాపాడి తనవి ముంచుకున్నాడు. అందరూ నవ్వేసి ఊరుకున్నారు. ఆమె మాత్రం ఒక్కో రంగు ఇంటి కప్పుకీ ఒక్కో గుర్తు ఆలోచించి, పిట్టనీ పిల్లినీ కప్పులెక్కించి, గీసిన ఊరంతా మళ్లీ గీసింది. అది చూసి ఆటల కంపెనీ ఓనరు "మూత మీద మీ పేరు లేకుండా ఈ ఆట బయటికి రాదు మేడమ్" అన్నాడు. ఆ ఒక్క మాటకి పిచ్చిది ఎంత పొంగిపోయిందో! మూత మీద మబ్బుల్లో తన పేరుకి చోటు ఉంచుకుంది. కూతురైతే క్లాసంతా టముకు వేసేసింది, మా అమ్మ పేరు పెట్టె మీద పడుతుందని.

ఇవాళ ఫైలు అచ్చుకి పంపాలి. పొద్దున్నే ఓనరు ఫోన్ చేశాడు.

"మేడమ్, రూల్స్ రాసినాయన పేరు కాస్త పెద్దది చేయండి. ఆయన్ని చూసే కొంటారు. మీ పేరు ఈసారికి వద్దులెండి, చోటు చాలదు."

"చోటుంది సార్. నేనే ఉంచాను."

"అక్కడ మన కంపెనీ గుర్తు పెట్టేయండి. మీరు మా ఇంటి మనిషి లాంటివారు, మనలో మనకి పట్టింపులేంటి?"

ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే. పైగా ఇంటి మనిషట! ఇంటి మనిషి బతుకేంటో ఆమెకి ఒకరు చెప్పాలా? ఈ ఇంట్లో ఆమెని అమ్మాయ్ అంటారు, ఇదిగో అంటారు, అమ్మా అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేక, బ్యాంకులో ఎవరో పిలిస్తే ఒక్క క్షణం తననే అని తెలియలేదు.

భర్తకి చెప్పింది, ఎందుకు చెప్పిందో ఏమో. అతను టీవీ మీంచి చూపు తిప్పకుండా "పేరు కొరుక్కుతింటావా? జీతం ఇస్తున్నారుగా, పేచీ పెట్టుకుని ఉన్నది పోగొట్టుకోకు" అన్నాడు. కాసేపాగి "ఆకలేస్తోంది" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవచ్చు.

మానేద్దామా అనుకుంది. మానేస్తే ఇంకో కంపెనీ, ఇంకో ఓనరు, ఇదే బల్ల.

రూల్స్ రాసినాయన పేరు పెద్దది చేసింది. అక్షరాల మధ్య ఎడం కూడా సరిచేసింది. కసి తీరా పాడుచేద్దామన్నా చేతకాదు ఆమెకి. మబ్బుల్లో కంపెనీ గుర్తు పెట్టింది.

అచ్చుకి వెళ్లే ప్రతి మూత చుట్టూ ఒక కోత గీత ఉంటుంది. కత్తి కాస్త పక్కకి జరిగినా తెల్ల అంచు కనబడకుండా, రంగుని ఆ గీత దాటి బయటికి పొడిగిస్తారు. ఆ బయటి ముక్క అచ్చవుతుంది, తర్వాత కత్తిరించి చెత్తలో పోస్తారు. ఆ ముక్కలో, గీతకి అవతల, తన పేరు ఇంటిపేరుతో సహా చిన్న అక్షరాల్లో పెట్టింది. అక్కడ ఎవరికీ అడ్డం కాదు. ఫైలు పంపేసింది.

"బల్ల ఖాళీ అయిందా అమ్మాయ్?" అంది అత్తగారు లోపల్నించి.

కూతురు కంచాలు మోసుకుంటూ వచ్చి, బల్ల మీద ఇంకా పెట్టకుండానే అడిగింది. "అమ్మా, నీ పేరు పెట్టావా?"

"పెట్టాను" అంది ఆమె, కంచాలు అందుకుంటూ.