స్పీకర్ బొమ్మ

రవళి చాటలో అనపకాయలు పోసుకొని గింజలు ఒలుస్తోంది. పక్కన పీట మీద ఆరో తరగతి పిల్లల మార్కుల కాగితం ఉంది. చదవడం వచ్చినవాళ్ల సంఖ్య వేసి సంతకం పెట్టడమే మిగిలింది.

కాజీపల్లి బడిలో ఆర్నెల్లుగా పిల్లలకు కంప్యూటర్ల మీద చదవడం నేర్పుతున్నారు. ఆ పాఠాలు పనిచేస్తున్నాయో లేదో, పిల్లలతో కాగితం మీద చదివించి రాయమని రవళిని పెట్టుకున్నారు. కంప్యూటర్ల గది చూసుకునేది ఆమె అన్న నరేష్. ఇద్దరూ అన్నాచెల్లెళ్లా అని ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. ఆమె ఇచ్చే రిపోర్టు బాగా లేకపోతే ఆ గది మూతపడుతుంది, అతను మళ్లీ మందుల కంపెనీకే పోవాలి. అక్కడి ఘాటుకు రెండేళ్లు దగ్గి దగ్గి సగమైన మనిషి, ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాడు.

కంప్యూటర్ లెక్కలో ముప్పై ఇద్దరిలో ఇరవై తొమ్మిదిమందికి చదవడం వచ్చు. రవళి ముందు చదివింది పదకొండుమందే. అందరికన్నా ఎక్కువ మార్కులున్న హర్షిణి మొదటి వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత, “అక్కా, స్పీకర్ బొమ్మ ఏడుంది?” అని అడిగింది. తెర మీద ఆ బొమ్మ నొక్కితే కంప్యూటరే పాఠం చదివి పెడుతుంది. పిల్లలు విని జవాబులు నొక్కుతున్నారు.

నరేష్ వచ్చి ఎదురుగా కూర్చొని తనూ ఒలవసాగాడు.

“ఆ బొమ్మ ఎవరు సూపించిన్రన్నా వాళ్లకు?”

“నేనే. తప్పు, తప్పు అని ఎర్రగ వస్తుంటే ఆ హర్షిణి ఏడ్సుకుంట కూసునేది. ముందుగాల జెర వినుండ్రి, తర్వాత సదువుదురు అన్న. గిట్లయితదని నాకేం ఎరుక?”

వంటింట్లోంచి తల్లి నర్సింహమ్మ కల్పించుకుంది. కంప్యూటర్ వేసిన మార్కులే వేస్తే అది అబద్ధమెట్లా అవుతుందని అడిగింది. ఆ మాట మీదే గుమ్మంలోకి వచ్చింది.

“మీ అన్న దగ్గుకు గుడ మార్కులేసే గడి పెట్టిన్రా బిడ్డా, ఆ కాగితంల?”

రవళి పీట మీది కాగితం వైపు చూసింది. ఇరవై తొమ్మిది అని రాస్తే హర్షిణిని ఇక ఎవరూ అక్షరాల దగ్గర కూర్చోబెట్టరు. చదువొచ్చిన పిల్ల కిందే జమకట్టి ఏడుకు, ఎనిమిదికి తోసేస్తారు.

“పిల్లలు ఏడుస్తుంటే సూడలేక సూపించినవని గుడ రాస్త అన్నా,” అంది.

“పాపమన్నోనికి కొలువిస్తరానే?” అన్నాడు నరేష్, నవ్వినట్టే.

రవళి చున్నీకి చేతులు తుడుచుకుంది. పదకొండు అని వేసింది. పిల్లల ఏడుపు చూడలేకే నరేష్ ఆ బొమ్మ చూపించాడనీ, స్పీకర్ తీసేసి ఇంకోసారి పరీక్ష పెట్టాలనీ కింద రాసి, సంతకం చేసి, కాగితం అన్న వైపు తిప్పింది.

నరేష్ చివరిదాకా చదివాడు. కాగితాన్ని మళ్లీ పీట మీదే పెట్టి లేచాడు. తిని పొమ్మని తల్లి పిలుస్తూనే ఉంది. అతను చెప్పులు తొడుక్కొని వాకిలి దాటి వెళ్లిపోయాడు.