నారింజ చెట్టు రాసిన మాట

అన్యాయం జరిగింది బైండింగ్ అక్కకి. జరిగింది మే పదకొండు, బుధవారం, పొద్దున్న ఏడు గంటలకి. చేసింది సొంత తమ్ముడు. చేతిలో ఇనుప బ్రష్షు, పక్కన బకెట్లో సున్నం నీళ్ళు.

ఆ ఇంట్లో ఏడంటే ఒకరి ముఖం ఒకరు చూసుకోడానికి తీరిక లేని వేళ. తమ్ముడు కరెంటు ఆఫీసులో బిల్లులు కట్టించుకునే ఉద్యోగి, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉంటాడు. మరదలు ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ దిగొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. బైండింగ్ అక్క ముగ్గురికీ వంట చేసి, పెరటి షెడ్డులో పాత పుస్తకాలకి కుట్లు వేయడానికి వెళ్ళేముందు, భూతద్దం పట్టుకుని నారింజ చెట్టు దగ్గర ఆగుతుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే తీరిక దొరకలేదని చెప్పే మనిషికి ఆ చెట్టు దగ్గర మాత్రం రోజూ పావుగంట దొరికేది.

చెట్టు నిండా లైకెన్లు. వీధిలో వాళ్ళు పాచి అంటారు, తమ్ముడు గజ్జి అంటాడు. అక్కకి మాత్రం బైండింగ్‌కి వచ్చిన ఓ చినిగిన పుస్తకం అసలు సంగతి చెప్పింది. చదివిన రోజు ఆమె చేతుల జిగురు కడుక్కోకుండానే ఇంట్లోకి పరిగెత్తుకొచ్చింది. అది ఒక ప్రాణి కాదట, రెండట. బూజు జాతిది ఇల్లు కడుతుందట, పాచి జాతిది ఎండతో వంట చేస్తుందట. చెట్టు నుంచి గుక్కెడు రసం కూడా పీల్చవు, బెరడు మీద ఊరికే కూర్చుంటాయి.

"ఇల్లు కట్టేది ఒకరు, వండేది ఒకరా? చెట్టెక్కినా ఇదే బతుకా వదినా?" అంది మరదలు.

"అక్కడ ఇల్లు కట్టినవాడు ఆ సంగతి రోజూ గుర్తు చేయడే," అంది అక్క.

గోడ మీద పసుపుపచ్చవి, కొమ్మల మీద బూడిదరంగు ఆకుల్లాంటివి, మాను మీద తెల్లటి పొరలో నల్లటి గీతలవి. ఆ గీతలవే రాసేవి. ఇంటి విషయాలు రాసేవి. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. వాళ్ళ ఫిర్యాదల్లా ఆలస్యం గురించే. గోరంత పెరగడానికి ఏడాది పట్టే జీవాలాయె. తాతకి పన్ను ఊడుతుందని రాయడం మొదలుపెట్టి పూర్తి చేసేసరికి తాత కట్టుడు పళ్ళు కూడా అరిగిపోయాయి.

నాలుగేళ్ళ కిందట కొత్త వాక్యం మొదలైంది. 'అక్క' అన్న రెండక్షరాలకే మూడేళ్ళు పట్టింది. ఈ జనవరిలో పక్క ఊరి పెద్ద గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. శిథిలమైన పుస్తకాలు బాగుచేసే విభాగానికి అక్కనే పెద్దని చేస్తారట, ఉండటానికి గదిస్తారట, జూన్ నెలాఖరులోగా చేరాలట. అక్కకి ఆ ఉత్తరం చదువుతుంటే చెవులు వేడెక్కాయి. నలభై మూడేళ్ళకి తనకంటూ ఒక గది, ఒక తాళంచెవి.

తమ్ముడు కాదనలేదు. కాదనేంత ధైర్యం అతనికెక్కడిది. "చెట్టు నీ గురించే రాస్తోందిగా అక్కా, అదెలా చెబితే అలా చేద్దాం," అన్నాడు. ఆ లెక్కన ఇంకో పదేళ్ళు తన కంచంలోకి అన్నం వేడివేడిగా వస్తుందని అతని ధీమా. అక్క సరే అంది. ఆ చెట్టు మాట ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ తీసిపారేయలేదు.

లైకెన్లకి ఏం పూనిందో, అక్కణ్ణుంచి పరుగందుకున్నాయి. ఫిబ్రవరిలో 'ఇక', మార్చిలో 'ఈ', ఏప్రిల్ చివరికి 'ఇంట్లో'. అక్క ఇక ఈ ఇంట్లో. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి ఎంతవరకు వచ్చిందని అడిగేవారు. భూతద్దం చేతులు మారేది. ఉంటుందా, ఉండదా అని వీధంతా రెండు జట్లయింది. కొత్త మాట మొలవబోయే చోట పొర అంచు పాలనురగలా తెల్లబడిందని అక్క చూపిస్తే, ఎనభై ఏళ్ళ పాలావిడ కూడా ఎగిరి గంతేసినంత పని చేసింది.

అదుగో, ఆ మర్నాడే తమ్ముడు బ్రష్షు పట్టాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మానంతా తెల్లగా గీకిపారేశాడు. పొడి రేగి చేతుల మీద, గడ్డిలో, గోడ మీద పడింది. బెరడు లేచి చెట్టు నిజంగానే గాయపడింది.

"నర్సరీ ఆయన చెప్పాడక్కా, ఇది చర్మరోగమట, చెట్టు చస్తుందట," అన్నాడు.

అక్క పళ్ళు నూరింది కాని అరవలేదు. "చెట్టుకి లేని రోగం నీకుందిరా," అంది. అంతే. ఒప్పందం ఒప్పందమే. చెట్టు ఏమీ చెప్పలేదు కాబట్టి ఆమె కదలడానికి లేదు. రాలేనని గ్రంథాలయానికి ఉత్తరం రాసి, కవరు అంటించి, పోస్టు చేయడానికి చేతులు రాక షెడ్డులోనే పెట్టుకుంది. గాయపడ్డ మానుకి మాత్రం పూటకో చెంబు నీళ్ళు పోసింది.

జూన్ మొదటి వారంలో వాన పడింది. వాన వెలిసిన మర్నాటి నుంచి తమ్ముడు చొక్కా చేతులు మడవడం మానేశాడు. ఉక్కపోతలో మణికట్టు దాకా గుండీలు. ఇంట్లో అతని కేసి పరకాయించి చూసే తీరిక ఎవరికీ లేదు. కౌంటర్ దగ్గర క్యూలో నిలబడ్డవాళ్ళకి ఉంది. చిల్లర ఇవ్వడానికి చెయ్యి చాచినప్పుడల్లా కఫ్ పైకి జరిగేది. తెల్లటి పొర, నల్లటి గీతలు.

"ఉండదు అని రాసుందేం బాబూ? కరెంటేనా?" అని అడిగింది ఒకావిడ, కళ్ళజోడు సర్దుకుంటూ.

వెనకున్న పాలావిడ ఆమె భుజం తట్టింది. "కరెంటు కాదమ్మా, వాళ్ళక్క. నాలుగేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాం. ఎప్పుడు వెళ్తోంది బాబూ?"

మధ్యాహ్నానికి ఆ మాట క్యూ దాటి, వీధి తిరిగి, షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. అక్క చేతిలో సూదీ దారం అలాగే పట్టుకుని ఆఫీసు దాకా దాదాపు పరిగెత్తింది. కౌంటర్ జాలీ ముందు రొప్పుతూ నిలబడి చెయ్యి చూపించమంది. తమ్ముడు తలొంచుకుని గుండీ విప్పాడు. అక్క జేబులోంచి భూతద్దం తీసింది. క్యూ అంతా ముందుకు వంగింది.

"ముక్క రాలినచోటల్లా మళ్ళీ మొలుస్తుందని పుస్తకంలో ఉందిరా. నేను గోడ మీద వెతుకుతున్నా," అంది. కోపం లేదు, గొంతు నిండా సంబరం. "చూడు ఎంత ముచ్చటగా పట్టిందో. ఒక్క గీత కూడా చెదరలేదు."

"ఇది గీకేస్తే?" అన్నాడు తమ్ముడు నీరసంగా.

"గీకు. ఈసారి నీ నుదుటి మీద రాస్తుంది."

క్యూ గొల్లుమంది. తమ్ముడు తన చేతిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు, "అన్నానికి నీళ్ళెన్ని పోయాలక్కా?"

రాలేనన్న ఉత్తరాన్ని అక్క ఆ సాయంత్రమే చింపి, ముక్కల్ని జిగురు గిన్నెలో నానబెట్టి అట్టకి అతికించింది. వృథా చేయడం ఆమెకి చేతకాదు. ఆదివారం నాడు బైండింగ్ ప్రెస్సుని తమ్ముడే భుజాన మోసి బస్సెక్కించాడు, చొక్కా చేతులు పైకి మడుచుకుని, అందరికీ కనబడేలా.

గ్రంథాలయం హాజరు పుస్తకం మొదటి పేజీలో ఆమె సొంత దస్తూరీ ఉంది. చేరిన తేదీ: జూన్ ఇరవై ఏడు, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు.