ఆమెన్ అనేదాకా కాలు దించొద్దు

పొడుగు ప్రార్థనకు బలం ఎక్కువా అన్న అనుమానం నాకు పెళ్లినాటి నుంచీ ఉంది. ఆ రోజు మా చర్చి సంఘ పెద్ద అనంతయ్య గారు మమ్మల్ని దీవిస్తూ లోకంలోని దేశాలన్నీ చుట్టివచ్చారు. బగారన్నం చల్లారిపోయింది. అందరూ ఆమెన్ అన్నారు. నాకు మాత్రం నోరు రాలేదు. ఆ ఒక్క ఆమెన్ ఆయనకు బాకీ పడ్డాను.

తొంభై ఆరులో మా అబ్బాయి రూబెన్ వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగేటప్పుడు మోకాలు మెలిపడి, లోపల లిగమెంటు తెగింది. పట్నంలో ఆపరేషన్ అయ్యాక డాక్టరు, "మిగతా సగం పని మీదే. మోకాలు వంచకుండా కాలు పైకెత్తి పట్టుకోవాలి. రెండు తొడల కండా సమానమైతేనే ఆట" అన్నాడు. మరుసటి ఏడాది షాద్‌నగర్ జట్టు మీద ఆడాలని వాడికి ఒకటే ఆశ.

డాక్టరుకు మా శంషాబాద్ సంగతి తెలియదు. ఎవరైనా మంచాన పడితే సంఘమంతా వస్తుంది. నొప్పి ఉన్నచోట చెయ్యి వేసి ప్రార్థిస్తుంది. చెయ్యి వేశాక కాలు కదిలించడం భక్తి కాదు. ఒకరు లేస్తే ఒకరు కూర్చునేవారు. సాయంత్రాలు పూర్తిగా అనంతయ్య గారివి. నెల తిరిగేసరికి తొడ మునక్కాయలా తయారైంది.

"ఇంట్లో ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు డాక్టరు.

"ప్రార్థన చేస్తున్నం సార్."

"అది మీరు చేయండి. అబ్బాయిని కాలు ఎత్తనివ్వండి."

ఆ సాయంత్రం అనంతయ్య గారు కళ్లు మూయగానే రూబెన్‌కు సైగ చేశాను. చేతి కింద మోకాలు లేచేసరికి ఆయన ఉలిక్కిపడ్డారు.

"ఏంది రా ఇది? దేవుని ముంగట కాలు లేపుతవా?"

"చేతులెత్తి స్తుతించమంటరు గద పెద్దయ్యా," అన్నాను. "వీనికి దెబ్బ కాలికి తాకింది."

 బైబిలు వాక్యానికి విరుద్ధమేమీ ఆయనకు దొరకలేదు కాబోలు. "అయితే ఆమెన్ అనేదాకా దించొద్దు" అన్నారు.

మొదట్లో ఆయన దేవుణ్ణి పిలిచే లోపే కాలు దబ్బున పడేది. పోనుపోను ప్రార్థనలో వానలు, పంటలు దాటి, బెంగళూరు రోడ్డు మీది లారీ డ్రైవర్ల దాకా నిలిచింది. ఒకరోజు జట్టు కెప్టెన్ మంజూర్ చూడవచ్చాడు.

"పెద్దయ్యా, జర షాద్‌నగరోళ్లను ఇడిసిపెట్టుండ్రి. వాళ్లకు గిట్ల దువా చేస్తే మేమేడ గెలుస్తం?"

"పగోళ్ల కోసమే ఎక్కువ చేయాలె బిడ్డా," అని ఆయన షాద్‌నగర్‌ను ఇల్లిల్లూ వదలకుండా దీవించారు. రూబెన్ చెమటలు కక్కాడు.

తర్వాత మెట్లెక్కడం, గుంజీలు, పరుగు, చివరికి ఎగరడం వచ్చాయి. ఏడాది దాటాక డాక్టరు టేపుతో కొలిచి, రెండు తొడలూ సమానమన్నాడు.

"కాలికి ఏం బరువు కట్టావు?"

"మా పెద్దయ్య ప్రార్థన సార్."

పోటీనాడు రూబెన్ వల దగ్గర ఎగరగానే నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి రెండు కాళ్ల మీదా నిలబడి ఉన్నాడు. మళ్లీ ఎగిరాడు. ఆట మాత్రం షాద్‌నగర్ గెలిచింది.

"నేను చెప్పలేదా పెద్దయ్యా!" అన్నాడు మంజూర్.

అనంతయ్య గారు వినిపించుకోకుండా మైదానంలోనే కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. బల్ల మీద కూర్చున్న రూబెన్ కాలు దానంతటదే లేచింది. మా చేతుల్లో చాయ్ చల్లారింది. పొడుగు ప్రార్థన బలం సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన ముగించగానే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను. అందరూ గ్లాసులు ఎత్తాక మరోసారి అన్నాను. అది పెళ్లినాటిది.