గరగరల వెనుక గొంతు

రెండు నెలలుగా ప్రతి ఆదివారం తనతో ఫోన్లో మాట్లాడుతున్న భర్త, ఆ రెండు నెలలుగా మంచుకొండ మీది పోస్టులో లేనే లేడని ప్రత్యూషకు కూరగాయల బండి దగ్గర తెలిసింది.

చెప్పినవాడు తిరుమలేష్. అదే పోస్టు నుంచి సెలవు మీద దిగి, ఢిల్లీలో రైలు మారబోతున్న సిపాయి.

"హవల్దారు సార్‌కి ఎలాగుంది వదినా? చేతులు నయమయ్యాయా?"

"చేతులకేమైంది? మొన్న ఆదివారం కూడా పోస్టు నుంచి మాట్లాడారే."

తిరుమలేష్ భుజాన ఉన్న సంచీ కిందికి దించాడు. "పోస్టు నుంచా? సార్‌ని హెలికాప్టర్ ఎక్కించిందే నేను వదినా. మంచు కొరికేసి రెండు చేతులూ నల్లబడిపోయాయి. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో మాకు తెలీదు. ఈపాటికి ఇంట్లోనే ఉంటారనుకున్నాను."

ఏరిన బెండకాయలు బండి మీదే వదిలేసి ప్రత్యూష ఇంటిదారి పట్టింది.

ఢిల్లీలో ధౌలా కువాన్ అవతల కంటోన్మెంటు క్వార్టర్లలో ఆమె, నాలుగేళ్ల కూతురు ఇషిత ఉంటారు. పోస్టుకు ఉత్తరం చేరాలంటే నెలలు పడుతుంది. అందుకని ఆదివారం ఉదయం ఫ్యామిలీ సెంటర్‌లోని ఆర్మీ ఫోను దగ్గర భార్యలు వరసగా కూర్చుంటారు. ఆ లైన్లో ఒకరు మాట్లాడి 'ఓవర్' అంటేనే రెండోవారి వంతు. అవతలి మాట అందకపోతే ఎక్స్‌ఛేంజీలో కూర్చున్న ఆపరేటరు విని, తిరిగి చెబుతాడు. ఆ ఆపరేటరు గోవిందరాజులు తెలుగువాడు కావడం తన అదృష్టమని ప్రత్యూష అనుకునేది. ఈ రెండు నెలలుగా గరగర మరీ ఎక్కువై, భర్త హేమసుందర్ గొంతు వినబడటమే మానేసింది. అంతా గోవిందరాజులు నోటినుంచే.

అలా ఆదివారం ఆదివారం విని 'ఓవర్' అన్న మాట ఫోనులోంచి దిగి క్వార్టర్లలో కాపురం పెట్టింది. గొప్పలు పోయేవాళ్లను చూస్తే ఎదురింటి కస్తూరి "గా ఓవర్ జర తగ్గించు" అనేది. మ్యాచ్ ఉన్న రోజు ఆఖరి ఓవరంటూ బ్లాకు బ్లాకంతా టీవీ ఉన్న ఇంట్లో పడేది. ఇషితయితే "మమ్మీ, దూధ్ ఖతమ్, ఓవర్" అని ఖాళీ పాలగ్లాసు చాపేది. పొద్దునా సాయంత్రమూ దేవుడికి దండం పెట్టి ఓవర్ అనేది. అని, పటానికి చెవి ఆనించి జవాబు కోసం కూర్చునేది. ఇన్నాళ్లూ ఆ ముచ్చటకు నవ్విన ప్రత్యూష, ఆ సాయంత్రం పిల్ల అలా చెవి ఆనించగానే గబుక్కున ఇవతలికి లాగేసింది.

శనివారం. యూనిట్ ఆఫీసు మళ్లీ సోమవారం దాకా తెరవరు.

"రేపు ఫోన్ల ఆయన్నే అడుగు," అంది సంగతంతా విన్న కస్తూరి. "మనిషైతే చెప్తడు. దయ్యమైతే ఓవర్ అనదు గద."

ప్రత్యూష నవ్వలేకపోయింది.

మర్నాడు రిసీవర్ ఎత్తగానే అదే గరగర. దాని మీదుగా అదే మెత్తటి గొంతు.

"నమస్తే అమ్మా. సార్ లైన్లో ఉన్నారు. పోస్టులో అంతా కుశలమేనట. పాప ఎలా ఉందంటున్నారు. ఓవర్."

"మా పెళ్లిలో వాన ఎప్పుడు పడిందో అడగండి. ఓవర్."

గరగర. "తాళి కట్టే ముందటమ్మా. పందిరి కారిపోయిందట. నవ్వుతున్నారు. ఓవర్."

నిజమే. "పాప పుట్టినప్పుడు ఆయన నాకేం తెచ్చారు? ఓవర్."

"పాలకోవా. మీరు ముట్టుకోలేదని ఇప్పటికీ దెప్పుతున్నారు. ఓవర్."

అదీ నిజమే. తిరుమలేష్ ఎవర్ని చూసి ఎవరనుకున్నాడు? హెలికాప్టర్ ఎక్కినవాడు హేమసుందరైతే, గరగరల వెనక నుంచి నవ్వుతున్నది ఎవరు?

అప్పుడు తట్టింది ఆమెకు. వాన సంగతీ, పాలకోవా సంగతీ తామిద్దరూ ఈ ఫోనులోనే చెప్పుకుని నవ్వుకున్నవి. రెండేళ్లుగా వాళ్ల కాపురమంతా ఒక మనిషి చెవిలోంచే నడిచింది. నడవనిది ఒక్కటే. మూడోవాడు వింటున్నాడని హేమసుందర్ ఆమెను ఫోనులో ఎన్నడూ ముద్దుపేరుతో పిలవలేదు.

"ఇంట్లో నన్ను ఏమని పిలుస్తారో అడగండి. ఓవర్."

గరగర. చాలాసేపు గరగర.

"లైను సరిగా లేదమ్మా..."

"అడగండి. ఓవర్."

గరగర టక్కున ఆగిపోయింది. లైను తెగలేదు. పక్కన నిలబడి ఊపిరి తీస్తున్నంత దగ్గరగా ఒక మనిషి శ్వాస వినబడుతోంది.

"నా భర్త ఎక్కడ?"

గోవిందరాజులు గొంతు ఈసారి శుభ్రంగా, ఏ అడ్డూ లేకుండా వచ్చింది.

"చండీగఢ్‌లో, మిలిటరీ ఆసుపత్రిలో. బతికే ఉన్నారమ్మా. వేళ్లు తీసేశారు. ఇంటికి టెలిగ్రాం వద్దు, నేనే చెప్పుకుంటానని అక్కడివాళ్లతో అన్నారట. ఆదివారం నాకు ఫోన్ చేయించుకుని, 'పోస్టులోనే ఉన్నానని చెప్పు రాజులూ, కంగారు పడుతుంది' అన్నారు. చెప్పాను. అంతవరకు ఆయన మాటే. మూడో వారం 'ఇక నిజం చెప్పెయ్, రమ్మను' అన్నారు. నేను చెప్పలేదు. చండీగఢ్ లైను బాగానే ఉందమ్మా. ఈ గరగర నేను పెట్టిందే, ఎవరూ మాట్లాడని ఖాళీ చానల్‌ది. మీరు 'అన్నం తిన్నారా, ఓవర్' అంటే నేను తిన్నానో లేదో చెప్పేవాణ్ణి. ఏం కూర అంటే మా మెస్సులో వండింది చెప్పేవాణ్ణి. నన్నెవరూ అడగరమ్మా అవి. ఆయన మాత్రం ప్రతివారం అడిగేవారు, ప్రత్యూష ఎప్పుడొస్తుందని. మీరు రానన్నారని చెప్పాను. ఆ చేతులు చూడలేనన్నారని చెప్పాను. పోయిన వారం నుంచి ఆయన ఫోన్ చెయ్యడం మానేశారు. అయినా ఈ ఆదివారం మీ వేళకి గరగర పెట్టుకుని కూర్చున్నాను."