మార్విక్ అని ఎవరిని పిలవాలి

ఆ చలికాలమంతా టార్న్ హాల్‌లో ఒక మనిషికి పేరు లేకుండా పోయింది. మనిషి మాత్రం ఉన్నాడు. ఆరడుగుల పైనే ఉన్నాడు, పూటపూటా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉడకబెట్టిన క్యాబేజీ తింటూనే ఉన్నాడు. అతన్ని ఏమని పిలవాలో ఎవరికీ పాలుపోలేదు, అంతే.

అతను గైల్స్. అతని అన్న, డ్యూక్ ఆఫ్ మార్విక్, నవంబరులో నక్కల వేటకెళ్ళి గుర్రం మీద నుంచి పడి మెడ విరిగి పోయాడు. పిల్లలు లేరు. కొడుకు లేని డ్యూక్ కన్ను మూస్తే తమ్ముడు ఆ క్షణానే డ్యూక్ అయిపోతాడు, అందులో తగువేమీ లేదు. కానీ శవాన్ని మట్టిచేసి ఇంటికొచ్చి అందరూ చల్లారిన టీ తాగుతుంటే, చనిపోయినవాడి భార్య రోజమండ్ లేచి నిలబడి, తనకు నెల తప్పిందని చెప్పింది. ఇంకేముంది! ఇంటి పెద్ద నౌకరు ప్రిడీ అప్పుడే గైల్స్ ముందు వంగి "డ్యూక్‌గారూ" అనబోతూ, నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు. పుట్టేది మగపిల్లాడైతే ఉయ్యాల్లోనే డ్యూక్. ఆడపిల్లయితే గైల్స్ డ్యూక్. అది తేలేదాకా ఎవరూ కారు.

అసలు ఈ మార్విక్‌లు ఎవరనుకున్నారు? రాజుగారి రక్తం. మొదటి డ్యూక్ ఒక రాజుకి చిన్న కొడుకు. సింహాసనం ఎలాగూ అందదు కాబట్టి, డ్యూక్ అని ఒక బిరుదూ, దాని కింద ఎర్ల్ ఆఫ్ టార్న్ అనీ, బ్యారన్ హెల్స్‌బీ అనీ మరో రెండూ చేతిలో పెట్టి సాగనంపారు. రెండో డ్యూక్ దాకా 'రాకుమారుడు' అన్న మాటైనా ఉండేది. మూడోవాడి దగ్గరికొచ్చేసరికి అదీ పోయింది. పట్టాభిషేకంలో స్తంభం వెనక ఒక కుర్చీ, వానొస్తే కారే ఇల్లు, ఆ పేరు. రాచరికం కరిగి కరిగి వీళ్ళకు మిగిలింది అంతే.

రోజమండ్‌కి కావలసింది ఆ చివరిదే. బిరుదుల మీద మోజుతో కాదు, అలా అనుకుంటే పాపం తగులుతుంది. ఆమె మొగుడికి చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పాలపళ్ళు ఊడే వయసులో డ్యూక్ అయ్యాడు. ఆ రోజు నుంచి బడిలో పిల్లలూ, నౌకాదళంలో తోటివాళ్ళూ, చివరికి కన్నతల్లి కూడా అతన్ని మార్విక్ అనే పిలిచారు. ఆ కుటుంబాల్లో అదే వాడుక. చర్చిలో పెట్టిన పేరు లయొనెల్. ఆ పేరుతో పిలిస్తే అతను వెనక్కి కూడా తిరిగేవాడు కాదు. పక్కమీద అతని చెవి దగ్గర నోరు పెట్టి ఆమె పిలిచింది కూడా మార్విక్ అనే. ఇప్పుడు సమాధి రాయి మీద లయొనెల్ అని చెక్కారు. దాన్ని చూస్తే ఆమెకు ఏడుపు రాదు. ఎవరో పరాయివాడిని పూడ్చినట్టు ఉంటుంది.

ఆ పిలుపు గైల్స్‌కి పోతుంది. రేపు ఇదే బల్ల దగ్గర, తన నోటితో తానే, "మార్విక్, ఆ ఉప్పు ఇటివ్వు" అనాలి. కోటు వాడినట్టు వాడతాడు కాబోలు! కోటు ఇప్పటికే వాడుతున్నాడు. అతని కోటు చిమ్మటలు కొట్టేస్తే, కొత్తది కొనడానికి బట్టల రేషను కూపన్లు చాలక, తల్లే పెద్దకొడుకు కోటు తీసి చిన్నకొడుక్కి తొడిగింది. ఆ నల్లకోటు నడవలో ఎదురొచ్చినప్పుడల్లా రోజమండ్‌కి కడుపు రగిలిపోయేది. ఆమె ఆశంతా కడుపులో ఉన్నవాడి మీదే. వాడు పుడితే వాడే మార్విక్. ఆ పేరు ఆమె ఒడిలోనే ఉంటుంది.

జనవరి చివర్లో, మంచు పడడం మొదలైన వారంలో, ఆ కడుపు పోయింది.

దారులు మూసుకుపోయాయి. డాక్టరు రాలేడు, అసలు పిలవనే లేదు. దగ్గరున్నది పనిమనిషి నెటీ ఒక్కతే, పెళ్ళికి ముందు నుంచీ రోజమండ్ వెంట ఉన్న మనిషి. దుప్పట్లు తనే ఉతికింది, ఉతకలేనివి తనే కాల్చింది. "అత్తగారికి చెప్పిరానా?" అంటే రోజమండ్ వద్దని తలూపింది. రేపు చెబుతానంది. ఆ రేపు రాలేదు.

యుద్ధం అయిపోయినా తిండికింకా కోటాలే కదా. కడుపుతో ఉన్న ఆడదానికి అదనంగా పాలిస్తారు, గుడ్డిస్తారు, నారింజ రసం ఇస్తారు. పాలమ్మే థాక్రే భార్య మోకాలిలోతు మంచులో పడుతూ లేస్తూ ఆ సీసా తెచ్చి, "చిన్న డ్యూక్‌గారికి" అని నవ్వుతూ ఇచ్చి వెళ్ళేది. అది చాలదన్నట్టు అత్తగారు, అంటే వెనకటి డ్యూక్ భార్య పెద్ద డచెస్, తన వంతు గుడ్డు కూడా కోడలి పళ్ళెంలో పెట్టేది.

"తాగవే, చల్లారిపోతోంది," అనేది పెద్ద డచెస్. "ఆ మొహం చూడు, సున్నం కొట్టిన గోడలా ఎలా ఉందో. వాడు నిన్ను పీల్చేస్తున్నాడు. వాళ్ళ నాన్నా అంతే, నన్ను పిప్పి చేసి బయటపడ్డాడు."

"మగపిల్లాడేనని నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు గైల్స్ ఒకరోజు.

"నువ్వు నోరుమూసుకో. తొందరగా ఉంటే ఆగు. తొందర లేకపోయినా ఆగు."

"ఆగుతూనే ఉన్నాగా. పొద్దున ప్రిడీ నన్ను 'అయ్యా... ఆఁ... అదీ' అని పిలిచాడు. ఈ ఇంట్లో కుక్కకైనా ఒక పేరుంది."

"నీకూ ఉందిగా, గైల్స్ అని," అంది రోజమండ్. "దాంతో సరిపెట్టుకుంటే పోలా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఊరికే నవ్వులాటకన్నాను వదినా," అని తల దించుకుని క్యాబేజీ మీద పడ్డాడు. బల్ల చివర అన్న కుర్చీ ఖాళీగానే ఉంది. గైల్స్ ఒక్కనాడూ దాంట్లో కూర్చోలేదు. కూర్చుంటే తిట్టడానికి రోజమండ్ కాచుకుని ఉంది, అతను ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆమె మాత్రం ఆ పాలు తాగేది. ఎవరి పాలు తాగుతున్నానురా దేవుడా అనుకుంటూ గటగటా తాగేసి, గదిలోకెళ్ళి తలుపేసుకుని నోట్లో రుమాలు కుక్కుకునేది. ఏడుపు గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది.

మార్చి వచ్చింది. నెటీ ఒక పొద్దున రోజమండ్ నడుముకి మడతలు పెట్టిన ఉన్నిగుడ్డ కడుతూ గొణిగింది.

"ఈ పేలికలతో ఇంకెన్నాళ్ళమ్మగారూ? పొట్ట పెంచుతాం, సరే. ఆ తర్వాత పిల్లాణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"తెలుసు నెటీ. చంపకు."

నెటీ ముడి బిగించి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "హల్ అనే ఆ రేవు ఊళ్ళో మా అక్క కూతురు డోరీన్ లేదూ? ఎవడో నావికుడు దాన్ని ముంచేసి ఓడెక్కి పోయాడు. దానికీ జూన్‌లోనే. అది పెంచుకునే స్థితిలో లేదమ్మగారూ, ఎవరడిగితే వాళ్ళకిచ్చేస్తుంది. మీరు పురిటికని కార్న్‌వాల్‌లో మీ చెల్లెలుగారింటికి వెళ్తే..."

లాగి చెంప మీద ఒకటి ఇవ్వాల్సిన మాట. రాజుగారి వంశంలోకి ఎవరి బిడ్డనో దొంగతనంగా చొప్పిస్తే జైలుకి పోవాలి, నెటీ కూడా పోవాలి. రోజమండ్‌కి అదంతా తెలుసు. తెలిసి కూడా ఆమె అడిగిందేమిటి?

"ఆడపిల్ల పుడితే?"

"పుడితే మన ఖర్మ. అప్పటిదాకా పేరు నిలుస్తుందిగా."

"కబురు పెట్టు."

"కబుర్లు కుదరవు. సోమవారం రైలు నడుస్తుందంటున్నారు, నేనే వెళ్ళొస్తా."

నెటీ వెళ్ళాక రోజమండ్‌కి తెలిసొచ్చింది. ఇప్పటిదాకా దాచింది, అంతే. ఇకమీద దొంగతనం. ఎంతకు తెగించానని తన మీద తనకే భయమేసింది. అయినా వద్దనే మాట నోటికి రాలేదు.

ఆదివారం చర్చికి దారి చేశారు. రెండు పక్కలా మంచు గోడలు, మధ్యలో ఇద్దరు పట్టే బాట. ప్రార్థన అయ్యాక గైల్స్ ముందుగా దిగి, కర్రతో గడ్డకట్టిన మంచు కొట్టుకుంటూ గేటు వైపు నడిచాడు. వెనక రోజమండ్ చెయ్యి పట్టుకుని పెద్ద డచెస్, ఆ వెనక నెటీ, పాస్టర్‌గారూ ఆయన భార్యా, ప్రిడీ, థాక్రే భార్యతో సహా ఊరంతా.

మెట్ల మీద ముసలామె కాలు జారింది. పట్టుకోబోతే రోజమండ్ చేతిలో ఆమె చేతి తొడుగు మిగిలింది, మనిషి కింద పడింది. ఎముక చిట్లిన చప్పుడు అందరికీ వినిపించింది. రోజమండ్ తలెత్తింది. ఎదురుగా ఆ నల్లకోటు, ఆ భుజాలు, ఆ నడక.

"మార్విక్!" అని గొంతు చించుకుని అరిచింది.

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆ ఊళ్ళో పాలసీసా మోసేదానికి కూడా తెలుసు ఆ మాటకి అర్థమేమిటో. డ్యూక్ భార్య తన మరిదిని ఆ పేరుతో పిలిచిందంటే ఆమె కడుపులో ఏమీ లేదని. ప్రిడీ చెయ్యి దానంతటదే టోపీ మీదకి పోయింది. పాస్టర్‌గారు టోపీ తీసేశారు కూడా.

కింద పడ్డ ముసలామె నొప్పితో పళ్ళు బిగించి, అందరి మీదా ఒక్క కసురు కసిరింది. "ఏంటలా గుడ్లప్పగించి చూస్తున్నారు? మొగుణ్ణి పిలుచుకుంది పాపం! కోటు చూసి పొరబడింది. వట్టి మనిషా అది? భయపడదూ?"

"అయ్యో తల్లీ," అంది పాస్టర్‌గారి భార్య. జనం ఊపిరి వదిలారు. పాస్టర్‌గారు టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. "అవునమ్మగారూ, పొరపాటేగా," అంటూ నెటీ వెనక నుంచి రోజమండ్ జబ్బ నొక్కింది.

తప్పించుకునే దారి తెరిచి పెట్టారు. ఊరుకుంటే చాలు. ఏమీ అనక్కర్లేదు కూడా. రేపు సోమవారం, రైలు నడుస్తుంది.

రోజమండ్ గైల్స్ వైపు చూసింది. అతను వెనక్కి తిరగలేదు. కర్ర మంచులో గుచ్చి, వీపు ఇటు పెట్టి, శిలలా నిలబడి ఉన్నాడు. అంత అరుపు విన్నాడు, ఏదో జరిగిందని తెలుసు, అయినా తిరగలేదు. ఆ పేరు తనది కాదు కదా. అన్నని పిలిచిన పిలుపుకి తాను పలికితే లాక్కున్నట్టవుతుందని, పలకకుండా అక్కడే చస్తున్నాడు. ఛీ, నేనేం చేయబోతున్నాను, అనుకుంది రోజమండ్. ఆ పేరుకి ఇతనిస్తున్న మర్యాద కూడా నేనివ్వడం లేదు. ఎవడో నావికుడి బిడ్డ మెడలో కట్టబోతున్నాను. ఇక్కడేమో ఈ ముసలిది కాలు విరిగి పడి కూడా నన్ను కాస్తోంది.

"పొరపాటు కాదత్తయ్యా," అంది. "ఆయన్ని పిలవలేదు."

"రోజమండ్, ఊరుకో," అంది పెద్ద డచెస్.

ఊరుకోలేదు. ఈసారి అరవలేదు, మామూలుగా, బల్ల దగ్గర ఉప్పు అడిగినట్టు పిలిచింది. "మార్విక్, ఇలా రా. మీ అమ్మ పడిపోయింది."

అప్పుడు తిరిగాడు. ఆ మొహంలో సంతోషం వెతికితే కనిపించేది కాదు. నవంబరులో చావు కబురు విన్నప్పుడు ఎలా ఉందో అలా ఉంది. కర్ర పారేసి, జారుతూ, పరిగెత్తుకొచ్చాడు.

రోజమండ్ మంచులో మోకాళ్ళ మీద కూలబడింది. ముసలామె ఆమె మొహంలోకి చూసి, తర్వాత ఆమె పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది. గుడ్డ మెత్తగా లోపలికి పోయింది.

"ఎప్పుడే?"

"జనవరిలో."

"రోజూ నా గుడ్డు తిన్నావు కదే."

"తిన్నాను."

పెద్ద డచెస్ గడ్డం అదిరింది. "నాకొక్క మాట చెప్తే నీతోపాటు నేనూ ఏడ్చేదాన్ని కదే పిచ్చిదానా! ఒక్కదానివే ఏడ్చుకున్నావా ఇన్నాళ్ళూ?"

"ఏడవలేదత్తయ్యా. ఏడిస్తే మీకు తెలిసిపోతుందిగా."

ముసలామె ఆమె తల పట్టుకుని గుండెకేసి అదుముకుంది. అప్పుడు వచ్చింది రోజమండ్‌కి, జనవరి నుంచి గొంతులో ఆగినదంతా. ఇద్దరూ ఊరందరి ముందూ, డచెస్‌లమన్న సిగ్గు లేకుండా, మంచులో పడి భోరుమన్నారు. నెటీ రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. గైల్స్ ఆ నల్లకోటు విప్పి తల్లి మీద కప్పి, చొక్కాతో గడగడా వణుకుతూ, ఎవరిని ముందు లేపాలో తెలియక నిలబడ్డాడు.

"మార్విక్..." అంది ముసలామె, కళ్ళు మూసుకునే. ఏ కొడుకుని పిలిచిందో ఆమెకే తెలియదు.

"ఇక్కడే ఉన్నానమ్మా," అన్నాడు గైల్స్.

నవంబరు తర్వాత ఆ పేరుకి ఒకరు నోరు తెరిచి పలకడం అదే మొదలు. రోజమండ్ రెండు చేతులతో చెవులు మూసుకుంది.